ఆచార్యుని తలుపు

గడచిన వేసవిలో మా పూర్వవిద్యార్థి యొకడు మమ్ము జూడవచ్చెను. అతడు బి.యస్సీ. చదువుచున్నాడు. "అయ్యగారూ, పరిశోధన నేర్వవలెనని యున్నది గాని ఆచార్యుల నడుగుటకు భయముగా నున్నది" అనెను. ఆ మాట మాకు గ్రుచ్చుకొనెను. ఉపాధ్యాయశిక్షణ కళాశాలలో మేమును ఒక యాచార్యుని గదిముందు రెండుమారులు నిలిచి, తలుపు తట్టకయే మరలితిమి. బాలురు లెక్కలలో చేయు తప్పులను గూర్చి నాడు మేము వ్రాసికొన్న చీటీలు నేటికిని పెట్టెలోనే యున్నవి.

ఇప్పుడు దారులు పెక్కు గలవు. అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1969వ సంవత్సరమున మార్గరెట్ మాక్‌వికార్ అను నామె, పట్టము పొందని విద్యార్థులను ఆచార్యుల పరిశోధనలలో చేర్చు పద్ధతిని నెలకొల్పెను. మన దేశమున మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి వేసవిలో అట్టి యవకాశము నొసగుచున్నవి. అయినను దానికిని మిమ్మెరిగిన గురువు వ్రాయు లేఖ కావలయును.

కావున అతనితో నిట్లంటిమి: "నాయనా, ముందుగా ఆ యాచార్యుని వ్యాస మొకటి చదువుము. బోధపడని దానిని కాగితముపై వ్రాసికొని, ఆయనకు తీరిక యున్న వేళ నెరిగి పొమ్ము. పెద్దపని గోరకుము, గాజుపాత్రలు కడుగుటయైనను చాలు ననుము. ఆయన కాదన్నచో మరియొకరి నడుగుము."

అతడు వెడలిన పిదప మేము పెట్టె తెరచి, ఆ చీటీలను చూచుకొంటిమి. విద్యార్థులారా, మీకిట్టి మూట మిగులకుండుగాక!