ఆరు గంటల గ్లాసు

ఢిల్లీ రాజకీయ విందుల్లో ఎవరి చేతిలో ఏ గ్లాసు ఉందో చూసి ఆ మనిషిని అంచనా వేయడం పాత అలవాటు. బరువైన గాజు గ్లాసు పట్టుకున్నవాడు లోపలి మనిషి. కాగితం కప్పులో రంగునీళ్ళు తాగేవాడు పెందలాడే ఇంటికి వెళ్ళిపోయేవాడు. అతని ఎదుట అసలు సంగతులు బయటకు రావు. పార్లమెంటు వార్తలు రాస్తూ పాతికేళ్ళపాటు మొదటి వర్గంలో మెలిగిన ఒక తెలుగు పాత్రికేయుడు, కాలేయం పరిస్థితి చూసి వైద్యుడు గట్టిగా హెచ్చరించడంతో రెండో వర్గంలోకి వచ్చి పడ్డారు.

మందు మానడం కష్టమని ఆయనకు ముందే చెప్పారు. వైద్యుని పర్యవేక్షణలో ఆ కష్టం ఎలాగో గట్టెక్కింది. ఎవరూ చెప్పని కష్టం మరొకటి ఉంది. సాయంత్రం ఆరయ్యేసరికి చేతులు ఖాళీగా ఉంటాయి. విందుకు పిలిచిన మిత్రులు “ఒక్కటి తీసుకుంటే ఏమవుతుందండీ?” అని మొదట్లో బతిమాలారు. తర్వాత జాలిపడి, పిల్లల కోసం తెప్పించిన శీతల పానీయం సీసాలోంచి కాస్త వంచి ఇచ్చారు. యాభై దాటిన మనిషిని పిల్లల పంక్తిలో కూర్చోబెట్టినట్టయింది. అలా రెండు మూడు విందులు ముగిశాక, తన పానీయం తాను ఇంట్లోనే కలుపుకోవాలని ఆయన నిశ్చయించుకున్నారు.

మొదటి ప్రయత్నాలన్నీ హోటళ్ళలో మాక్‌టెయిల్ పేరుతో ఇచ్చేవాటికి అనుకరణలే. పండ్లరసం, రంగు సిరప్, సోడా, పైన పుదీనా ఆకు. రెండు గుక్కలకే మొహం మొత్తింది. లోపం ఎక్కడుందో అంతుపట్టడానికి కొన్ని వారాలు పట్టింది. జవాబు చివరికి ఉగాది పచ్చడిలో దొరికింది. తెలుగువారు ఏటా ఒకే గిన్నెలో ఆరు రుచులను కలిపి, ఏదీ మరొకదాన్ని మింగేయకుండా చూసుకుంటారు. మద్యపు గ్లాసులో ఉన్నదేమిటి? గొంతులో మంట, నాలుకపై చేదు, కొంత వగరు. పెద్దవాళ్ళు మెల్లగా తాగడానికి కారణం ఆ మూడే. మాక్‌టెయిల్ ఆ మూడింటినీ తీసేసి, మిగిలిన తీపిని రెట్టింపు చేస్తుంది. అందుకే అది పిల్లల పానీయంగా మిగిలిపోతుంది. తీసేసిన రుచులను వేరే దారిలో వెనక్కి తేవడమే అసలు పని.

ఆ దారులన్నీ వంటింట్లోనే ఉన్నాయి. మంట కోసం అల్లం రసం, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు. వగరు కోసం చిక్కగా మరిగించి చల్లార్చిన టీ డికాక్షన్, లేదా దానిమ్మ గింజల రసం. చేదు కోసం తెల్లటి పొర రాకుండా పలచగా గీసిన నారింజ తొక్క. దాన్ని గ్లాసు మీద మెలితిప్పితే తొక్కలోని నూనె పానీయంపై తుంపరలా పడుతుంది. పులుపుకు నిమ్మ, పచ్చిమామిడి, కొంకణ తీరపు కోకం. తీపికి బెల్లం పాకం. అదీ వైద్యుడు అనుమతించినంతే, గ్లాసుకు ఒక చెంచా. అన్నిటినీ కలిపి నిలబెట్టేది చిటికెడు ఉప్పు. ఉప్పు పడితే చేదు తగ్గి పులుపు తేరుకుంటుంది. సోడాను బాగా చల్లబరచి, అన్నీ కలిశాక చివర్లో గ్లాసు అంచు వెంట పోయాలి. ముందే పోసి గరిట తిప్పితే బుడగలన్నీ పోయి చప్పటి నీళ్ళు మిగులుతాయి. ఐసు ముక్క పెద్దదైతే నెమ్మదిగా కరుగుతుంది, చివరి గుక్క దాకా రుచి పలచబడదు.

కొన్నిటిని ఆయన దగ్గరకు రానివ్వలేదు. కాక్‌టెయిల్ పుస్తకాలు రెండు చుక్కలే అంటూ సూచించే బిట్టర్స్ సాధారణంగా ఆల్కహాల్‌తో తయారవుతాయి. ఉత్తరాదిన నల్ల క్యారెట్లు, ఆవపిండి నీళ్ళలో వేసి ఎండలో పులియబెట్టే కాంజీ రుచికి గొప్పదే, కానీ పులిసినదేదైనా ఆల్కహాల్ ఛాయ ఉండవచ్చు. మామూలు మనిషికి అది లెక్కలోకి రాదు. మానేసిన మనిషికి లెక్కే.

ఇదంతా కొత్త విద్య అని ఆయన కొన్నాళ్ళు భ్రమపడ్డారు. ఒక సాయంత్రం అల్లం, నిమ్మ, మిరియం, బెల్లం, ఉప్పు కలిపి మొదటి గుక్క తాగగానే ఆ భ్రమ వదిలింది. ఈ రుచి ఆయనకు ముప్పై ఏళ్ళ కిందటే తెలుసు.

ఆయనది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. ఎనభయ్యో దశకంలో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ అనే ముచ్చటైన పేరు పెట్టి సారాను ప్యాకెట్లలో నింపి పల్లెపల్లెకూ చేర్చిన కాలం ఆయన బాల్యం. 1992లో అదే జిల్లాలోని దూబగుంటలో, రాత్రిబడి వాచకంలో చదువుకున్న కథ స్ఫూర్తితో ఆడవాళ్ళు సారా కొట్టును మూయించారు. ఆ నిప్పు జిల్లా అంతా పాకింది. ఆయన తల్లి కూడా చీపురు పట్టుకుని తమ ఊరి కొట్టు ముందు బైఠాయించింది. ఆ కొట్టుకు రోజూ వెళ్ళేవారిలో ఆమె భర్త ఒకడు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. చరిత్ర పుస్తకాల్లో ఆ కథ ఇక్కడికి పూర్తవుతుంది.

ఆ ఇంట్లో మాత్రం అక్కడే మొదలైంది. కొట్టు మూతబడిన నాడు, సాయంత్రం ఆరు గంటలకు, ఇంటి యజమాని అరుగు మీద ఏం చేయాలో తెలియక కూర్చున్నాడు. భార్య కుండనీళ్ళలో గూడూరు నిమ్మకాయ పిండి, అల్లం దంచి వేసి, బెల్లం ముక్క, మిరియాల పొడి, ఉప్పు కలిపి, అతను సారా తాగే గ్లాసులోనే పోసి చేతికిచ్చింది. మొదటి రోజు ఆ గ్లాసు వాకిట్లోకి ఎగిరింది. రెండో రోజు ఆమె మళ్ళీ కలిపింది. మూడో రోజు అతను తాగాడు. కాలేజీ సెలవులకు ఇంటికొచ్చిన కొడుకు అదంతా చూశాడు, కానీ ఆ గ్లాసు ఎందుకో అప్పుడు అర్థం చేసుకోలేదు.

1997లో సంపూర్ణ నిషేధం ఎత్తివేశారు. సారా తిరిగి రాలేదు గాని, విదేశీ మద్యం పేరుతో సీసాలు వచ్చాయి. ఆ తర్వాత ఆ తండ్రి సాయంత్రాలు కొన్ని దుకాణం దగ్గర, కొన్ని అరుగు మీద గడిచాయి. ఎన్ని సాయంత్రాలు ఆమె గెలిచిందో, ఎన్ని ఓడిపోయిందో ఎవరూ లెక్క పెట్టలేదు. కొడుకు ఢిల్లీ వెళ్ళి, మద్యవిధానాల మీద వ్యాసాలు రాస్తూ, తానూ గాజు గ్లాసు పట్టుకున్నాడు.

మన మద్య రాజకీయాల చరిత్రలో ఆ అరుగు ప్రస్తావన ఎక్కడా కనిపించదు. రాజ్యాంగం 47వ అధికరణం మత్తుపానీయాల నిషేధానికి రాజ్యం కృషి చేయాలంటుంది. రాజ్యాంగ సభలో దానిపై చర్చ జరిగినప్పుడు ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ లేచి, తమవారికి బియ్యపు కల్లు ఆరాధనలోనూ నాట్ల పనిలోనూ భాగమని గుర్తుచేశారు. గ్లాసు వెనుక ఒక జీవితం ఉంటుందని ఆయన చెప్పిన మాట. గుజరాత్ రాష్ట్రం పుట్టిననాటి నుంచీ నిషేధంలోనే ఉంది. 2023 చివరిలో గిఫ్ట్ సిటీకి మాత్రం సడలింపునిచ్చింది. బిహార్ 2016 ఏప్రిల్‌లో నిషేధం విధించింది. మహిళల డిమాండే దానికి పునాది. ఆ తర్వాత కోర్టుల్లో కేసులు పేరుకున్నాయి, కల్తీసారా చావులు వార్తలయ్యాయి. నిషేధం లేని అనేక రాష్ట్రాలు ఆబ్కారీ రాబడి మీద బడ్జెట్లు అల్లుకుంటున్నాయి. నిషేధించే ప్రభుత్వమైనా, అమ్ముకునే ప్రభుత్వమైనా ఆలోచించేది సీసా గురించే. సీసా తీసేశాక ఆ గంటను మనిషి దేనితో నింపుకోవాలన్నది రెంటికీ పట్టని ప్రశ్న. ఆ ప్రశ్నను దూబగుంట తరం ఆడవాళ్ళు వంటింట్లో తమకు తామే ఎదుర్కొన్నారు.

గ్లాసులో పోసేది దేనికో బదులు మాత్రమే కానక్కర్లేదని ఆయనకు పాత ఢిల్లీ నేర్పింది. రంజాన్ మాసంలో ఇఫ్తార్‌కు పిలిచిన ఒక పాత మిత్రుడి ఇంట్లో, ఖర్జూరం తర్వాత అందరి చేతికీ రూహ్ అఫ్జా వచ్చింది. 1907లో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ ఆ నగరంలోనే రూపొందించిన షర్బత్ అది. దేశవిభజన తర్వాత పెద్ద కొడుకు ఢిల్లీలో ఉండిపోయారు, చిన్న కొడుకు కరాచీ వెళ్ళి అక్కడ హమ్‌దర్ద్‌ను నెలకొల్పారు. బంగ్లాదేశ్ ఏర్పడ్డాక ఢాకాలో అదే పేరుతో మూడో సంస్థ నిలిచింది. మూడు దేశాలు, మూడు జెండాలు, ఒకే ఎర్రటి షర్బత్. ఇంట్లో ఎవరి పద్ధతి వారిది: పాలతో కొందరు, నిమ్మరసం, సబ్జా గింజలతో కొందరు. ఆ పంక్తిలో అది దేనికీ ప్రత్యామ్నాయం కాదు. రోజంతా ఎదురుచూసిన క్షణానికి అదే సరైన పానీయం. అక్కడ పెద్దలకూ పిల్లలకూ వేర్వేరు గ్లాసులు లేవు.

ఆ రాత్రి నుంచి ఆయన ఇంట్లో ఒక నియమం అమలులోకి వచ్చింది. వచ్చినవారందరికీ ఒకే రకం గాజు గ్లాసు, ఒకే పానీయం. ఎవరు తాగుతారు, ఎవరు మానేశారు అనే ప్రశ్న లేదు. నెలకు ఒకసారి పాత్రికేయ మిత్రులు వస్తారు. పొత్తుల లెక్కలు, బిల్లుల భవిష్యత్తు అన్నీ నడుస్తాయి. మందు లేకపోతే మాటలు రావన్న అపోహ మొదటి గంటలోనే పోయింది.

ఒక రాత్రి అందరూ వెళ్ళాక ఒక యువ విలేకరి వెనక్కి వచ్చాడు. గడప దగ్గర నిలబడి, “సార్, అది ఎలా కలుపుతారో చెప్తారా?” అని అడిగాడు. చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. ఆ ప్రశ్న పానీయం గురించి కాదని ఆయనకు తెలిసింది. లోపలికి పిలిచి ముందుగా తన వైద్యుడి నంబరు కాగితం మీద రాసి ఇచ్చారు. రోజూ ఎక్కువగా తాగేవాడు ఉన్నట్టుండి ఒంటరిగా మానేయడం ప్రమాదమని, ఏ నిమ్మరసమూ వైద్యానికి బదులు కాదని చెప్పారు. ఆ తర్వాతే కత్తిపీట ముందు కూర్చోబెట్టి అల్లం చెక్కు తీయించారు.

మరుసటి ఉదయం ఆయన ఊరికి ఫోన్ చేశారు. తల్లికి ఎనభై దగ్గరపడుతోంది, చెవులు సరిగా వినబడవు. అరుగు మీది ఆ గ్లాసు గురించి ఇన్నేళ్ళకు మొదటిసారి అడిగారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఉప్పు చివర్లో వేసుకో నాయనా, ముందే వేస్తే ఎంత పడిందో తెలియదు” అంది.