పెద్ద ఇంటి నుండి చిన్న ఇంటికి



హైదరాబాదు నుండి పూణె వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు నూరు కిలోమీటర్లు ప్రయాణము చేస్తే జహీరాబాదు వస్తుంది. అక్కడికి దగ్గరలోనే, కర్ణాటక సరిహద్దు వైపున ఉన్నది మొగుడంపల్లి. పూర్వము ఇది జహీరాబాదు మండలములోని ఒక గ్రామము. 2016 అక్టోబరులో మెదక్ జిల్లాను విభజించి సంగారెడ్డి జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు ఇది మండల కేంద్రమైనది. ఈ వైపు ప్రజలు మాట్లాడే తెలుగులో కన్నడము, ఉర్దూ కలిసి వినబడతాయి. పెండ్లి సంబంధాలు బీదరు, చించోళి వైపు కూడా కలుపుకొంటారు. వానాకాలములో జాడిమల్కాపూర్ జలపాతమును చూడడానికి పట్టణాల నుండి యువకులు వస్తుంటారు. కాని మేము ఇక్కడ వ్రాయగోరినది జలపాతమును గూర్చి కాదు. ఈ ఊళ్ళలోని పాత ఇండ్లను గూర్చి, ఆ ఇండ్లు విడిచి చిన్న ఇండ్లకు వెళ్ళవలసి వచ్చిన ముసలి తలిదండ్రులను గూర్చి.

ఈ ప్రాంతములో ఎర్ర నేలలు ఎక్కువ. కొంచెము లోతు త్రవ్వితే ఎర్రరాయి తగులుతుంది. పాత ఇండ్ల గోడలు రాతితోను మట్టితోను కట్టినవి. గోడల మీద దూలాలు, దూలాల మీద కర్రలు, ఆ పైన మట్టి మిద్దె. మే నెల ఎండలో కూడా లోపల చల్లగా ఉంటుంది. అయితే ప్రతి సంవత్సరము వానలకు ముందు మిద్దె మీద కొత్త మట్టి పోసి, తడిపి, గట్టిగా కొట్టాలి. లేకపోతే ఇల్లు కురుస్తుంది. డెబ్బై ఏండ్లు దాటిన మనిషి నిచ్చెన ఎక్కలేడు. కొడుకులు జహీరాబాదులోనో, పటాన్‌చెరులోనో పనిలో ఉంటారు. ఇల్లు పది మందికి కట్టినది, ఉండేది ఇద్దరు. రెండు అర్రలకు తాళము, ఒక అర్రలో కాపురము. ఇటువంటి ఇండ్లు మేము సంఘ దర్శనానికి వెళ్ళే ప్రతి ఊరిలోను కనబడుచున్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో ప్రతి పదిమందిలో ఏడుగురు గ్రామాలలోనే ఉన్నారు. కాబట్టి ఇది ఒక ఇంటి సంగతి కాదు.

ఆ ఇండ్ల లోపల ఏముంటుందో కూడా చెప్పాలి. జహీరాబాదు చుట్టుపట్ల పేద స్త్రీలు తమ విత్తనములను తామే దాచుకొనుటలో పేరుపొందినవారు. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఇక్కడి స్త్రీల సంఘములతో కలిసి చిరుధాన్యాల సేద్యమును నిలబెట్టినది. 2008లో మాచనూరులో సంఘం రేడియో ప్రారంభమైనది. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమానము లభించినది. ఆ పేరు వెనుక ఉన్నది ఇంటి మూలన ఉండే కుండలు, మట్టి పూసిన బుట్టలు. వాటిలో బూడిద, వేపాకు కలిపి దాచిన జొన్న, కొర్ర, సామ, కంది, అనుము. విత్తనము తీసికొన్న ఇల్లాలు పంట వచ్చిన తరువాత తీసికొన్నదానికంటె ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తుంది.

ఒక వానాకాలములో మొగుడంపల్లి వైపు ఒక గ్రామములో వృద్ధ దంపతుల యింటికి మేము ప్రార్థనకు వెళ్ళాము. మిద్దె రెండు చోట్ల కురుస్తున్నది. ఇద్దరు కొడుకులు వచ్చియున్నారు. జహీరాబాదులో చిన్న కొడుకు ఇంటి పక్కన రెండు గదుల ఇల్లు చూచి పెట్టారు. మంచి కుమారులే. తలిదండ్రులను తడిసే ఇంటిలో ఉంచలేక తొందరపడుచున్నారు. ఆ శనివారమే సామాను ఆటో మాట్లాడుకొన్నారు. అయితే అవ్వ గుమ్మి ముందు కూర్చుండి లేవడము లేదు.

పెద్ద కొడుకు, "అవ్వా, ఇవన్ని ఏం జేసుకుంటవ్? ఆడ జాగ లేదు గదా," అన్నాడు.

అవ్వ మా వైపు తిరిగి, "సామాను బాధ గాదు అయ్యగారూ. ఊళ్ళె ఎవరికి విత్తనం గావాల్నన్నా మా ఇంటికే వస్తరు. రేపటి సంది నేను ఎవరి ఇంటికి పోవాలె?" అన్నది.

తాత అరుగు మీదనే ఉన్నాడు. "ఈడ కూసుంటే పోయేటోళ్ళు వచ్చేటోళ్ళు అందరు పలకరిస్తరు. ఆ గల్లీల నన్ను ఎవరు గుర్తుపడతరు?" అని మాత్రము అన్నాడు.

ఆ రెండు మాటలతో మాకు విషయము తేటపడినది. పెద్దలు భయపడునది ఇల్లు చిన్నదైనందుకు కాదు. ఇంతకాలము ఇచ్చిన చెయ్యి ఇకమీదట పుచ్చుకొనే చెయ్యి మాత్రమే అవుతుందేమో అని. సామాను ఎంత పడుతుందని కొలిచే ముందు, వీరు ఇంతవరకు ఎవరికి ఏమి ఇచ్చుచుండిరి, అక్కడ కూడా ఏమి ఇవ్వగలరు అని ఆలోచించాలి.

ఆదికాండము 45, 46, 47 అధ్యాయములు మరల చదవండి. యాకోబు నూట ముప్పది ఏండ్ల వయస్సులో కనాను విడిచి ఐగుప్తుకు వెళ్ళెను. యోసేపు తండ్రి కొరకు బండ్లు పంపించాడు. సామానును గూర్చి చింత వద్దని ఫరో కబురు చేశాడు. అయినను 46వ అధ్యాయములో వారు తమ పశువులను, తాము సంపాదించిన వస్తువులను వెంట తీసికొనియే వెళ్ళారని వ్రాయబడి ఉన్నది. రాజు ఇంటిలో అన్నియు ఉండవచ్చును; ముసలివానికి తనదంటూ కొంత కావాలి. ఇంకొక సంగతి. యాకోబు త్రోవలో బెయేర్షెబాలో ఆగి బలులర్పించాడు. కుమారులెవరును తొందరపెట్టినట్లు వ్రాయబడలేదు. ఐగుప్తు చేరిన తరువాత ఏమి జరిగినది? కరవులో అన్నము కొరకు వచ్చిన ఆ వృద్ధుడు ఫరోను ఆశీర్వదించాడు. ఆశ్రయము ఇచ్చినవాడు ఆశీర్వాదము పుచ్చుకొన్నాడు! తరువాత యాకోబు మరి పదిహేడు సంవత్సరములు బ్రదికాడు.

ఈ మాటలే ఆ సాయంకాలము ఆ ఇంటిలో చెప్పి ప్రార్థన చేశాము. కుమారులు ఆలోచించుకొని మిద్దె మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, ప్రయాణమును మూడు నెలలు వాయిదా వేశారు. యాసంగి విత్తులకు ఊరి స్త్రీలు వచ్చినప్పుడు అవ్వ తన చేతితో తెల్లజొన్న, శనగ, కుసుమ కొలిచి ఇచ్చినది. ఈసారి తిరిగి తనకు కొలవవద్దు, మీ కోడండ్ల పేర దాచండి అని చెప్పినది. బీదరు వైపు ఇచ్చిన కూతురు వచ్చి రెండు బుట్టలు తీసికొని పోయినది. పెద్ద గుమ్మి పక్క ఇంటివారికి వెళ్ళినది. ఇసుర్రాయి కోడలు అడిగి తీసికొన్నది. ప్రతి నవంబరులో ధారూరు జాతరకు తీసికొని వెళ్ళే వంట గిన్నె, దుప్పట్లు మాత్రము ఎవరికిని ఇవ్వలేదు. ఆ సంవత్సరము జాతర చూచుకొని వచ్చిన తరువాతనే ఇల్లు మారారు. నాలుగు చిన్న విత్తన కుండలు వారి వెంట వెళ్ళినవి.

అంతా సుఖముగానే జరిగినదని మేము చెప్పము. తాతకు పట్టణములో నిద్ర పట్టలేదు. మొదటి నెలలలో ప్రతి ఆదివారము బస్సెక్కి పాత ఊరి ఆరాధనకే వెళ్ళేవాడు. కుమారులు వద్దనలేదు, చార్జీకి డబ్బులిచ్చారు. అవ్వకు ఆ ఖర్చు కూడా లేదు. 2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్ర స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితము. తరువాత పట్టణ సంఘ పాస్టరుగారు తాతకు ఆదివారము ఉదయము మందిరపు తలుపు తీసి గంట కొట్టే పని అప్పగించారు. అప్పటి నుండి ఆయన అక్కడే ఉండుచున్నాడు. గల్లీలో పిల్లలు "గంట తాత" అని పిలుస్తారట.

ఇటువంటి ప్రయాణములు మా సంఘములలో చూచి నేర్చుకొన్న సంగతులు కొన్ని మీ ముందు ఉంచుచున్నాము.

మొదటిది, ఒక్క దినములో ఇల్లు ఖాళీ చేయవద్దు. ఒక అర్ర తరువాత ఒక అర్ర, వారానికి ఒకటి చూడండి. అమ్మ లేనప్పుడు అమ్మ సందూకు తెరువవద్దు. పాత సామానువానికి తూకము వేయక ముందు, ఏ వస్తువు ఎవరికి ఇవ్వాలో తలిదండ్రులనే చెప్పనివ్వండి. వారు బ్రదికి ఉండగా తమ చేతితో ఇచ్చిన ఇత్తడి బిందె దీవెన అవుతుంది. వారు పోయిన తరువాత పంచుకొన్న బిందె తగవు అవుతుంది.

రెండవది, కొత్త ఇల్లు చిన్నదైనను ఫరవాలేదు, మెట్లు లేకుండా ఉండాలి. మరుగుదొడ్డి మంచానికి దగ్గరగా ఉండాలి. నున్నని టైల్సు మీద తడి కాలు జారుతుంది. అక్కడ గరుకు బండ వేయించి, గోడకు పట్టుకొనుటకు ఒక ఇనుప కమ్మి పెట్టించండి. రాత్రి దీపము స్విచ్చి పడుకొన్న చోటనే అందాలి. పాత ఇంటిలో మంచము ఏ ప్రక్క ఉండెనో ఇక్కడ కూడా ఆ ప్రక్కనే వేయండి. చీకటిలో లేచినప్పుడు కాలికి పాత అలవాటే దారి చూపుతుంది. వాకిట్లో కూర్చుండుటకు ఒక బల్ల అయినా ఉండాలి.

మూడవది, కాగితములు. ఆసరా పథకము క్రింద 2019లో వృద్ధులకు నెలకు 2,016 రూపాయలు నిర్ణయించబడినవి. ఆ పింఛను ఏ పోస్టాఫీసులో లేక ఏ బ్యాంకులో వస్తున్నదో, ఊరు మారితే ఏమి వ్రాసి ఇవ్వాలో ముందుగానే కనుగొనండి. రేషను బియ్యము ఇప్పుడు రాష్ట్రములో ఏ దుకాణములోనైనను తీసికొనవచ్చును. పింఛను పుస్తకము, ఆధారు, మందుల చీటీలు ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి పెద్దల చేతిలోనే ఉంచండి.

నాలుగవది, మిక్కిలి ముఖ్యమైనది. పాత ఇల్లు, పొలము ఎవరి పేరున ఉండాలి అన్న ప్రశ్న. ఇల్లు మారే తొందరలో తలిదండ్రుల వ్రేలిముద్రలు వేయించుకొని, తరువాత వారిని వరండాలో పడుకోబెట్టిన కుటుంబములను కూడా మేము చూచాము. 2007లో పార్లమెంటు తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము చేసినది. పోషిస్తామనే షరతు మీద ఆస్తి వ్రాయించుకొని పోషించకపోతే, ఆ దస్తావేజు రద్దు కొరకు దరఖాస్తు చేయుటకు ఆ చట్టపు 23వ సెక్షను వీలు కల్పించుచున్నది. ఆర్.డి.ఓ. గారి ట్రిబ్యునలుకు ఆ దరఖాస్తు చేయవచ్చును. కాబట్టి ఆస్తి వ్రాసి ఇచ్చే పెద్దలు "మమ్మును పోషించవలెను" అను షరతును ఆ కాగితములోనే వ్రాయించుకొనుడి. మంచి కుమారుడు ఆ మాటకు నొచ్చుకొనడు. దేవునికి అర్పితమని చెప్పి తలిదండ్రుల పోషణ ఎగగొట్టినవారిని మన ప్రభువు మార్కు సువార్త 7వ అధ్యాయములో ఎంత గట్టిగా గద్దించెనో జ్ఞాపకము చేసికొనుడి. కానుక పేరు చెప్పి తప్పించుకొనుట ఆయన ఒప్పుకొనలేదు. గిఫ్టు డీడు పేరు చెప్పి తప్పించుకొనుట ఒప్పుకొనునా?

ఒక మాట ఇంకను చెప్పాలి. అందరు పెద్దలు ఇల్లు మారవలెనని లేదు. 2 సమూయేలు 19వ అధ్యాయములో ఎనుబది ఏండ్ల బర్జిల్లయిని దావీదు యెరూషలేములో తనతో ఉండి భోజనము చేయుమని పిలిచాడు. తన తలిదండ్రుల సమాధి ఉన్న ఊరిలోనే చనిపోనిమ్మని ఆ వృద్ధుడు బ్రతిమాలుకొని, తనకు బదులుగా కింహామును పంపాడు. దావీదు బలవంతము చేయలేదు. ముద్దు పెట్టుకొని దీవించి పంపించాడు. యాకోబు వెళ్ళుటయు వాక్యములో ఉన్నది, బర్జిల్లయి నిలిచిపోవుటయు వాక్యములో ఉన్నది. ఊరు విడువనని గట్టిగా చెప్పే తండ్రికి, అదే వాకిట్లో రేకుల కప్పుతో ఒక గట్టి గది వేసి ఇచ్చినను చాలును. అదియు చిన్న ఇల్లే గదా. అప్పుడు వారి మంచి చెడ్డలు చూచే భారము ఊరిలోని సంఘము మీద కూడా పడుతుంది. వారానికి ఒక ఇల్లు చొప్పున యౌవనస్థులు పంచుకొంటే అది పెద్ద భారము కాదు.

కుమారులారా, కోడండ్రులారా, మీ తలిదండ్రులకు మీరు చూచి పెట్టిన గదిలో మంచము, ఫ్యాను, మందుల పెట్టె ఉన్నవి గదా అని తృప్తిపడవద్దు. ఆ గది నుండి వారు ఎవరికైనా ఏదైనా ఇవ్వగలుగుచున్నారా అని అడగండి. మనుమరాలికి వాక్యము నేర్పుట కావచ్చును, కుండెడు విత్తనము కావచ్చును, మందిరపు గంట కావచ్చును. పుచ్చుకొనుటకంటె ఇచ్చుట ధన్యమని మన ప్రభువు సెలవిచ్చినట్లు అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములో ఉన్నది. ఆ ధన్యతను ముసలితనములో వారి యొద్ద నుండి మనము తీసివేయకుందుము గాక. ఇల్లు మారుచున్న ప్రతి తండ్రిని, తల్లిని ప్రభువు నడిపించి, వారి రాకపోకలయందు కాపాడును గాక. ఆమేన్.