ప్రయాణాల సంచిలో పిల్లల లెక్క

అమరచింత మగ్గాల మీద నేసిన పట్టుచీరలు పట్టుకుని హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ తిరగడం నా పని. చీరల ఫొటోలు, చెల్లింపులు, టికెట్లు అన్నీ ఫోన్‌లోనే కావడంతో చీకటి పడేసరికి ఛార్జింగ్ అయిపోయేది. నా ఫోన్ కోసం ఎదురుచూసి ఏడో తరగతి చదివే మా అమ్మాయి అలిగి పడుకునేది. అందుకే పవర్ బ్యాంకు కొన్నాం.

ఏది కొనాలో లెక్క వేసింది అమ్మాయే. 20,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో గుణించి, 1,000తో భాగిస్తే 74 వాట్-అవర్లు. విమానంలో 100 దాకా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. అయితే చేతిసంచిలోనే పెట్టుకోవాలి. లిథియం బ్యాటరీకి మంట అంటుకుంటే సిబ్బంది వెంటనే ఆర్పగలగాలి కదా!

‘‘నీ ఫోన్ 5,000. అంటే నాలుగుసార్లు నిండుతుంది నాన్నా’’ అంది. వాడి చూస్తే మూడుసార్లు కూడా కష్టమే. వోల్టేజీ మారేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుందని తనే సైన్సు పుస్తకం తిరగేసి చెప్పింది.

మీరూ కొనేముందు బీఐఎస్ గుర్తు చూడండి, ఈ లెక్క పిల్లల చేత వేయించండి. ఊరు దాటిన అమ్మానాన్నలకు రాత్రి ఎనిమిదింటికి ఇంటితో మాట్లాడించే వస్తువే అన్నిటికన్నా ఉపయోగం.