కిలిమంజారో పాట... పెరూ బాట!

'రోబో' చూశారు కదూ? 2010లో వచ్చిన ఆ సినిమాలో రజనీకాంత్, ఐశ్వర్యారాయ్ చిందేసిన 'కిలిమంజారో' పాట గుర్తుందా? పేరేమో ఆఫ్రికా కొండది; తీసింది మాత్రం దక్షిణ అమెరికాలో, పెరూ దేశంలోని మాచుపిచ్చు దగ్గర! ఆ పాట చూసిన రోజే అనుకున్నాను, ఎప్పటికైనా ఆ రాళ్ళ మధ్య నిలబడాలని. పత్రికలకు రాసుకు బతికేవాడికి అదేమంత తేలికా? ఏళ్ళ తరబడి కూడబెట్టి, వీపుకో సంచీ తగిలించుకుని బయల్దేరాను.

రాజధాని లిమా సముద్రం ఒడ్డున ఉంది. అక్కడ విమానమెక్కితే గంటన్నరకల్లా కుస్కోలో దింపేశారు. ఎత్తు 3,400 మీటర్లు! మన తిరుమల కొండకు మూడింతలు పైమాటే. నేనేమో మహా తెలివిగా మాచుపిచ్చు టికెట్ మర్నాటికే కొనిపెట్టుకున్నాను. దానిమీద తేదీయే కాదు, లోపలికి వెళ్ళాల్సిన వేళ కూడా ఉంటుంది. దాటిందా, అంతే సంగతులు!

సాయంత్రానికి తల పగిలిపోతోంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, తిండి చూస్తే వాంతి. గాలి పల్చబడ్డ ఎత్తుల్లో వచ్చే ఈ బాధను అక్కడివాళ్ళు 'సొరోచే' అంటారు. నేను దిగిన బసలోని పెద్దావిడ కోకా ఆకులు వేసిన వేడినీళ్ళు చేతికిచ్చి, "పోకో ఆ పోకో" అంది. నా చెవికది అచ్చ తెలుగే... "పోకు! ఆఁ, పోకు!" స్పానిష్‌లో దానర్థం 'కొంచెం కొంచెంగా' అని తర్వాత తెలిసింది.

రాత్రంతా టికెట్ చేత్తో పట్టుకుని దొర్లాను. వెళ్ళకపోతే డబ్బు గల్లంతు. వెళ్తే దారిలో 4,300 మీటర్ల కనుమ దాటాలి. తెల్లారేసరికి తెలుగు అర్థమే సరైందనిపించింది. ఆగిపోయాను. టికెట్ నీళ్ళపాలు!

కాస్త తేరుకున్నాక కిందికి, 2,800 మీటర్ల ఎత్తున్న ఒయాంతాయ్‌తాంబో అనే పాత ఊరికి దిగాను. ఇంకాల కాలపు రాతి వీధులు, వాటి పక్కనే గలగలమంటూ నీటి కాలవలు. రెండు రోజులు వేడి సూపు, ఉడికించిన దుంపలు. అన్నట్టు, మన బంగాళాదుంప పుట్టిల్లు ఈ ఆండీస్ కొండలే సుమా! ఎర్రవి, ఊదావి, నల్లవి... ఎన్ని రంగులో!

రైలు టికెట్ నా జేబుకు అందేది కాదు. అందుకని వ్యాన్‌లో కనుమ దాటి, జలవిద్యుత్ కేంద్రం దగ్గర దిగి, రైలు పట్టాల వెంట పది కిలోమీటర్ల పైచిలుకు నడిచాను. పక్కనే ఉరుబంబా నది హోరు. కొండకింది ఊళ్ళో వరుసలో నిలబడి కొత్త టికెట్ సంపాదించాను.

తెల్లవారి పైకెళ్తే ఏముంది? మంచు! పక్కనున్న మనిషి కూడా కనిపించడు. ఉసూరుమని కూచున్నాను. అరగంటకు తెర తొలగినట్టు మంచు విడిపోయింది. కింద మెట్లుమెట్లుగా పొలాలు, సున్నం లేకుండా రాయికి రాయి అతికిన గోడలు, ఎదురుగా నిటారు శిఖరం! 15వ శతాబ్దంలో ఇంకాలు కట్టిన ఊరు. సినిమాలో అయిదు నిమిషాల్లో అయిపోయిన చోటు... నాకు లేవబుద్ధి కాలేదు. ఓ లామా వచ్చి నా వంక చూసి, గడ్డి మేసుకుంటూ పోయింది.

మీరూ వెళ్తారా? వీసా సంగతి ముందే కనుక్కోండి. మే నుంచి సెప్టెంబరు దాకా వానలు తక్కువ. కొండమీదికి పాస్‌పోర్టు తప్పనిసరి. కోకా ఆకులు అక్కడ తాగండి. ఇంటికి తెచ్చారో, జైలే! అన్నిటికీ మించి, పైకి చేరాక రెండు రోజులు ఒంటికి విశ్రాంతినివ్వండి. ఆ రెండు రోజులు మిగుల్చుకోబోయే నేను టికెట్ పోగొట్టుకున్నాను.

కొండ ఎక్కడికీ పోదు. తొందరపడి మీరే... పోకండి!