దర్జీ నడుము కొలత

"ప్యాంటు నడుము మూడుసార్లు బిగించుకున్నాను సార్" అన్నాడతను. దర్జీ కదా, పని నీటుగానే ఉంది. లోపలివైపు మూడు వరసల కుట్టు, ఒక్కో వరస ఒక్కో రంగు దారం. వయసు ముప్పై ఆరు. షుగరు బయటపడి ఏడాది. బిళ్లలు రెండు రకాలు వాడుతున్నాడు, మూడోది నేనే రాశాను.

సన్నటి మనిషి, బిళ్లలకి లొంగని షుగరు. టైప్ 1 ఏమోనని అనుమానం రాకపోలేదు. ఇన్సులిన్ చేసే కణాల మీద ఒళ్లే దాడి చేస్తోందా అని చూసే గ్యాడ్ యాంటీబాడీ పరీక్ష చేయిస్తే నెగటివ్ అని వచ్చింది, అంకె మాత్రం గీతకి కాస్త దిగువన ఉంది. ఆ కాస్తని నేను పట్టించుకోలేదు. నాలుగు నెలలకి వాంతులు, ఆయాసంతో అర్ధరాత్రి ఆటోలో తీసుకొచ్చారు. కీటోయాసిడోసిస్. ఒంట్లో ఇన్సులిన్ తయారీని చూపే సి-పెప్టైడ్ అడుగంటింది. వేరే పద్ధతిలో చేయిస్తే అదే గ్యాడ్ పాజిటివ్!

తప్పు పరీక్షదే అనుకుంటే నాకు హాయి. కానీ ఆ మూడు వరసల కుట్టు నా కళ్లముందే ఉంది.

1974లో లండన్‌లో బొటాజో, డోనియాక్ బృందం ఇలాంటి యాంటీబాడీలని మొదట పట్టుకున్నప్పుడు చేసిన పని ఇది: మనిషి క్లోమాన్ని పల్చటి పొరలుగా కోసి, మీద రోగి సీరం వేసి, మైక్రోస్కోపులో మెరుపు కోసం చూడటం. ఉందో లేదో తేల్చేది చూసేవాడి కన్నే. తర్వాత యాంటీబాడీల గురి ఏ ప్రోటీన్ల మీదో ఒక్కొక్కటే తెలిసింది. జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8 సంగతి 2007 దాకా తెలియనేలేదు.

ఈ యాంటీబాడీల కోసం వాడే ఎలైసా ప్లేటుతో ఓ చిక్కుంది. ఇన్సులిన్ లాంటి చిన్న అణువుని ప్లేటుకి అంటిస్తే, యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటే మూసుకుపోవచ్చు. కొత్త పద్ధతుల్లో పట్టుకోవడమంతా ద్రవంలోనే. యాంటీబాడీకి రెండు చేతులు. డీఎన్ఏ తోకలు తగిలించిన అణువుల్ని చెరో చేత్తో పట్టుకుంటే ఆ తోకలు దగ్గరవుతాయి. వాటిని అతికించి, ఆ అతుకుని పీసీఆర్‌తో పెంచి కొలుస్తారు. బొట్టు రక్తం చాలు.

అయితే చూపు పదునెక్కేకొద్దీ నీడలూ కనపడతాయి. వదులుగా అంటుకునే యాంటీబాడీలు ఏ జబ్బూ రానివాళ్లలోనూ ఉంటాయి. డెన్వర్ పక్కనున్న బార్బరా డేవిస్ సెంటర్ వాళ్ల ఎలక్ట్రోకెమిలూమినిసెన్స్ పరీక్ష నాకు నచ్చేది అందుకే. గట్టిగా పట్టుకునేవాటినే ఎక్కువగా ఏరుతుంది.

ఇన్సులిన్ మొదలయ్యాక దర్జీ ఒళ్లు చేశాడు. మొన్న ఆరేళ్ల కూతుర్ని తీసుకొచ్చి, "పాపకీ చేయిద్దామా సార్?" అన్నాడు. రెండు, అంతకు మించి యాంటీబాడీలు తేలిన పిల్లల్లో దాదాపు 70 శాతం మందికి పదేళ్లలో జబ్బు వస్తుంది. ఒక్కటే ఉంటే 15 శాతం లోపే. జబ్బుని సగటున రెండేళ్లు వెనక్కి నెట్టే టెప్లిజుమాబ్‌కి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ ఎనిమిదేళ్లు నిండినవాళ్లకి. బట్టలు కుట్టి బతికేవాడి చేతికందే మందు కాదది. తేలాక ఆ ఇంట్లో రాత్రుళ్లు నిద్రపట్టదు. తెలియకపోతే ఆ పిల్ల కూడా ఏదో అర్ధరాత్రి ఆటోలో రావచ్చు.

చివరికి పరీక్ష రాశాను. చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ, "గౌను పోయినేటి కొలతకే సరిపోతోంది సార్, వదులేం కాలేదు" అన్నాడు. ఎదిగే పిల్లకి పోయినేటి కొలత ఎందుకు సరిపోతోందని అడిగి, పాపని బరువు చూసే మిషను ఎక్కమన్నాను.