అపవాదం ఎక్కడ పుట్టింది?

మాది శామీర్‌పేట. మేడ్చల్ ప్రాంతపు బడులలో తెలుగు పండితునిగా పనిచేసి, విశ్రాంతి దొరికిన తరువాత మనుమడి వద్ద సీ ప్లస్ ప్లస్ నేర్చుకున్నాను. కోరిక ఒక్కటే. మా నాన్నగారు నోటుపుస్తకంలో వ్రాసి ఉంచిన ఉత్పలమాలల శతకాన్ని యూనికోడులోకి ఎక్కించి, అచ్చుకు ముందు ఛందస్సును యంత్రం చేత సరిచూపించాలి. పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం యతి. లెక్క తెలిసినదే గదా అనుకున్నాను.

61 పద్యాలు సాఫీగా నడిచాయి. 62వ దాని వద్ద "పద్యంలో దోషం" అని తెరమీద పడింది. ఆ మాట వ్రాసినవాణ్ణి నేనే. ఎక్కడ ఏ ఎక్సెప్షన్ లేచినా మెయిన్‌లో పట్టుకొని అదే ముద్రించమన్నాను. వ్రేళ్ళ మీద లెక్కిస్తే దోషం కనబడలేదు. అయితే మిగిలిన పద్యాలన్నీ మకుటంతో ముగుస్తుండగా దీనికి మాత్రం మకుటం లేదు. చివరి పాదమే చెడినదని తీర్మానించి, దిద్దడానికి కలం తీశాను.

మనుమడు ఆపాడు. "తాతయ్యా, పట్టుకున్న చోటు కాదు, విసిరిన చోటు చూడాలి" అన్నాడు.

నిజమే. పిల్లవాడు ఏడుస్తూ ప్రధానోపాధ్యాయుని గదికి వస్తే, దెబ్బ తగిలింది ఆ గదిలో కాదు. ఎక్సెప్షన్ మెయిన్‌కు చేరేసరికి నడుమనున్న ఫంక్షన్లన్నీ మూటకట్టుకొని వెళ్ళిపోతాయి, సాక్ష్యం మిగలదు.

ప్రోగ్రామును డీబగ్ సమాచారంతో మళ్ళీ కంపైల్ చేసి, టెర్మినల్‌లో జీడీబీ తెరిచాము. 1986లో రిచర్డ్ స్టాల్మన్ మొదట వ్రాసిన డీబగ్గర్ అది. "క్యాచ్ త్రో" అని కొట్టి, "రన్" అన్నాము. విసిరే క్షణంలోనే ప్రోగ్రాం నిలిచిపోయింది. "బీటీ" అనగానే ఎవరిని ఎవరు పిలిచారో వంశావళి వరుసగా వచ్చింది. పై వరుసలు లైబ్రరీవి. వాటిలో "అవుట్ ఆఫ్ రేంజ్" అన్న పేరు. "అప్", "అప్" అంటూ నేను వ్రాసిన ఫంక్షన్ దాకా వచ్చాము. అక్షరాలను విడదీసేది అదే. "ప్రింట్" అని అడిగితే, పద్యం చివరి సంకేతం వద్ద నిలిచి ఉన్నామని తేలింది.

యూనికోడులో పొల్లు నకారం అంటే నకారం, పొల్లు అని రెండు సంకేతాలు. పొల్లు కనబడితే తరువాతి హల్లును ఒత్తుగా కలుపుకొమ్మని వ్రాశాను. పద్యమే పొల్లుతో ముగిస్తే? తరువాత ఏమీ లేదు. లేనిదానిని అడిగింది నా ప్రోగ్రాం. మకుటం అచ్చుతో ముగిసే సంబోధన కనుక, అంతవరకు ఈ లోపం బయటపడలేదు. 62వ పద్యం "న్"తో ముగిసింది. ఒక్క షరతు చేర్చగానే శతకమంతా నిర్దోషంగా నడిచింది.

ఎక్సెప్షన్‌ను వ్యాకరణంలో అపవాదం అంటాము. లోకవ్యవహారంలో అపవాదమంటే నింద. యంత్రం మొదటిది చెప్పగా, నేను నాన్నగారి మీద రెండవది వేశాను.

తరువాత నోటుపుస్తకం మళ్ళీ తెరిచాను. ఆ పద్యం క్రింది తేదీ అమ్మ పోయిన మరునాటిది. శతకంలో దేవుణ్ణి పిలవని పద్యం అదొక్కటే. దానికి నేను మకుటం అతికించబోయాను.

పద్యం ఉన్నది ఉన్నట్లే అచ్చుకు వెళుతుంది. ప్రోగ్రాంలో మాత్రం "పద్యంలో దోషం" తీసివేసి, "ఇక్కడ నాకు చదవడం రాలేదు" అని వ్రాశాను. మిత్రులారా, మీ ప్రోగ్రాములు పెద్దల వ్రాతలను తప్పుపట్టినప్పుడు, కలం తీసే ముందు ఒక్కసారి "క్యాచ్ త్రో" అనండి.