బోడిగుండు గోరింక

శ్రావణమాసంలో మనుషులు కొత్త బట్టలు కడతారు. మా యలహంక న్యూటౌన్‌లో పిట్టలు ఉన్నవి విడుస్తాయి. బుల్‌బుల్‌కి తోక సగమే మిగులుతుంది, కాకి మెడ చీకి పోయి ఉంటుంది. ఇక ఆ గోరింక సంగతి చెప్పనే అక్కర్లేదు: నల్లటి ఈకలుండాల్సిన తల మొత్తం బోడి, కింద పసుప్పచ్చ చర్మం, పక్కన చెవి కన్నం. ఎదురింటి కదిరి ఆవిడ చూసి, "ఏంది సార్ ఇది, తిరుమలకు పోయి గుండు కొట్టించుకోనొచ్చినట్టుండాదే!" అన్నారు. అంతలోనే గొంతు తగ్గించి, "రోగమేమో?" అని అడిగారు.

చాలాసార్లు కాదు. ఈక మన గోరులాగే కెరటిన్‌తో తయారైనది. పెరగడం అయిపోయాక అందులో ప్రాణం ఉండదు. ఎండకీ దుమ్ముకీ కొమ్మల రాపిడికీ అరిగితే అతుకు వెయ్యడం కుదరదు, రాల్చి కొత్తది మొలిపించుకోవాల్సిందే. దానికి ఒంట్లో బలం కావాలి. గుడ్లూ పిల్లలూ అడిగేది కూడా ఆ బలాన్నే. అందుకని పిల్లలు గూడు వదిలాక, వానలకు పురుగులు బాగా దొరికే రోజుల్లో ఈ పని పెట్టుకుంటాయి.

ఇందులో నాకు ముచ్చటేసేది రెక్కల లెక్క. ఎడమ రెక్కలో ఒక ఈక రాలితే కుడి రెక్కలో దాని జోడీ కూడా ఇంచుమించు అప్పుడే రాలుతుంది, తూకం తప్పదు. వాటి చోట కొత్తవి కాస్త ఎదిగాకే పక్కవాటి వంతు. 1996 నుంచి ఏరో ఇండియా విమాన ప్రదర్శన పేరుతో మా నెత్తిమీద ఉరిమే విమానాలైనా మరమ్మతుకు నేల దిగాల్సిందే కదా! పిట్ట ఎగురుతూనే కానిచ్చేస్తుంది. బాతులకు మాత్రం ఈ సౌకర్యం లేదు. మా పుట్టేనహళ్లి చెరువులో ముక్కు చివర పసుపు మచ్చ ఉండే బాతులు రెక్క ఈకలన్నీ ఒకేసారి వదిలేసి, కొన్ని వారాలు ఎగరలేక జమ్ములో నక్కి కాలక్షేపం చేస్తాయి.

మరి గోరింకకు తలే ఎందుకు బోడి అయింది? ఒళ్ళంతా ముక్కుతో దువ్వి పేలు ఏరుకునే పిట్టకు తన తల మాత్రం అందదు. అక్కడ కాలిగోళ్ళే దిక్కు. పేలకూ నల్లులకూ అంతకంటే భద్రమైన చోటేముంది? ఒక్కోసారి అవేవీ లేకుండానే తలమీది ఈకలన్నీ ఒక్కసారిగా రాలిపోతాయి. అమెరికాలో బ్లూ జేలూ కార్డినళ్ళూ ఇందుకు పేరుపడ్డాయి. బాల్కనీలోంచి చూసి ఏ కారణమో తేల్చడం కష్టం.

ఇంకో తమాషా. పిల్లి దూకి తోక పీకేస్తే కొన్ని వారాల్లో కొత్త తోక వచ్చేస్తుంది. అదే ఈక సగానికి విరిగితే మాత్రం వచ్చే రాల్పుదాకా మొండితోనే కాపురం.

ఆవిడ కొబ్బరినూనె వైద్యం ప్రతిపాదించారు. వద్దన్నాను, నూనె అంటితే ఉన్న ఈకలు కూడా జిడ్డు పట్టి చెడతాయి. కళ్ళు వాచినా, ముఖాన పులిపిర్లు లేచినా, ఎగరలేకపోయినా అప్పుడు కెంగేరి దగ్గర వన్యప్రాణుల ఆసుపత్రి ఉంది. లేదంటే వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పెడితే చాలు, స్నానం వాటికి వచ్చు. ఆ నీళ్ళు రోజూ పారబోసి మార్చాలి, లేకపోతే పిట్టలకంటే ముందు దోమలు దిగుతాయి.